మూల మడిచిన కార్డు

"నాలుగింటికల్లా ఆ పటం ప్రెసిడెంట్ బల్ల మీద ఉండాలి. లేకపోతే అయిదింటికి నేను మంత్రిని కాను, ద్రోహిని," అన్నాడు నౌకాదళ మంత్రి హోరేస్ విట్లాక్.

పియానో శ్రుతి చేసేవాడి వేషంలో వచ్చిన సీక్రెట్ ఏజెంట్ సైలస్ క్రో ఖాళీ బీరువా వంక చూశాడు. రేవుల్లో శత్రు ఓడల్ని పేల్చే మైన్లు దాచిన చోట్ల పటం మధ్యాహ్నమే మాయమైంది. కింద హాల్లో వందమంది ఆడవాళ్ళు, ఫిడేళ్ళ హోరు. బుధవారం మరి. వాషింగ్టన్‌లో మంత్రుల భార్యలు ఇంటికొచ్చే అతిథుల్ని కలిసే రోజు.

బల్ల మీద పళ్ళెంలో అతిథుల పేరు కార్డులున్నాయి. సైలస్ ఒకటి ఎత్తాడు.

"మేడమ్ అడేలా వార్. రెండు దేశాల జీతం తింటున్న మనిషి, సార్."

"ఆవిడ రాలేదయ్యా. బండివాడితో కార్డు పంపిందని బట్లర్ కాన్రాడ్ చెప్పాడు."

"మరి మూల మడిచుందేం? ఈ ఊరి మర్యాద ప్రకారం, తనే స్వయంగా గడప తొక్కితేగా మూల మడిచేది! బయట బండ్ల వరస కదలడం లేదు, ఆవిడ బండీ అందులోనే ఇరుక్కుంది. ఆవిడ ఇంకా ఇంట్లోనే ఉంది."

తలుపు బయట తాళం పడింది.

"క్షమించండి అయ్యగారూ," కాన్రాడ్ గొంతు తాపీగా వినిపించింది. "ఆవిడ బండి కదిలాక తీస్తాను."

టెలిఫోన్ తీగ తెగి ఉంది. కిటికీకి ఇనుప కమ్మీలు. అరిచిన అరుపులన్నీ ఫిడేళ్ళు మింగేశాయి. సైలస్ తాళంలో పెట్టి తిప్పిన పియానో శ్రుతి పనిముట్టు వంగిపోయింది. మూడూ ఇరవై.

"ఒహాయోలో ఆవులు పితికాను," విట్లాక్ కుర్చీలో కూలబడ్డాడు. "దీపం ముందు లా చదివాను. పాతికేళ్ళు పట్టిందయ్యా ఈ కుర్చీకి. ఊడడానికి నలభై నిమిషాలు."

సైలస్ కిటికీలోంచి కిందికి చూశాడు. "ఆ టాపు లేని బండిలో ముసలావిడెవరు సార్?"

"సెనేటర్ గారి భార్య, ప్రూడెన్స్ హాడక్. మర్యాద తప్పితే మొగుణ్ణయినా వదలదు. కార్డు విసిరితే ఇక..." విట్లాక్ ఠక్కున లేచాడు. జేబులోంచి తన కార్డు తీసి, మూల మడవకుండానే కమ్మీల సందులోంచి వదిలాడు. అది తిన్నగా ఆవిడ ఒళ్ళో పడింది.

రెండు నిమిషాల్లో మెట్లు దడదడలాడాయి.

"అయ్యగారు ఇంట్లో లేరమ్మా!" తలుపవతల కాన్రాడ్ అడ్డుపడ్డాడు.

"లేకపోతే నాకు కిటికీలోంచి కార్డు విసిరిందెవడ్రా, నీ తాతా? చేతిలో ఆ తాళంచెవేమిటి? ఇలా తే!"

గొడుగు దెబ్బ వినిపించింది. తలుపు తెరుచుకుంది. సైలస్ కిందపడ్డ కాన్రాడ్ మీంచి దూకి వీధిలోకి పరిగెత్తాడు.

అడేలా బండి మెట్టు మీద కాలు పెడుతోంది. చలికి రెండు చేతులూ బొచ్చు సంచిలో పెట్టుకుంది.

"వెళ్తున్నారా మేడమ్?" సైలస్ కరచాలనానికి చెయ్యి చాచాడు.

కుడిచెయ్యి బయటికొచ్చింది. ఎడమది లోపలే దేన్నో గట్టిగా పట్టుకుని ఉంది. సైలస్ సంచి లాగాడు. చుట్టిన పటం మంచులో పడింది.

"కార్డు మూల ఎందుకు మడిచారు మేడమ్?"

"అలవాటైపోయింది," అంది అడేలా నీరసంగా. "మీ ఊళ్ళో మడవకపోతే బతకనిస్తారా?"

నాలుగింటికి నిమిషం ముందు పటం ప్రెసిడెంట్ బల్ల మీద పడింది. మంత్రి పదవి నిలిచింది.

మర్నాడు విట్లాక్ స్వయంగా వెళ్ళి, మూల మడిచిన కార్డు ఇచ్చి, ప్రూడెన్స్ హాడక్ తిట్లు గంటన్నర విన్నాడు. రాజీనామా అయితే పది నిమిషాల్లో తేలిపోయేది.