సొంత డబ్బుతో కొన్న మిషన్

రాజమండ్రిలోని డిటెక్టివ్ దేవకుమారి ఆఫీసుకు వచ్చేసరికి శ్యాంబాబు చొక్కా చెమటకి వీపున అంటుకుపోయి ఉంది. అంత భయంలోనూ అతను కిటికీ వెలుతురు మొహం మీద పడే కుర్చీనే వెతుక్కుని కూర్చున్నాడు. కెమెరాకి అలవాటుపడ్డ మనిషి లక్షణం అనుకున్నారు జయపాల్ మాస్టారు. లూథరన్ హైస్కూల్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాక ఆయన దేవకుమారి దగ్గర అసిస్టెంటుగా చేరారు. తనకన్నా పదిహేనేళ్లు చిన్నదైన ఆవిడ తెలివి అంటే ఆయనకి వల్లమాలిన గౌరవం.

"నా బ్రష్‌కట్టర్ ఎత్తుకుపోయారండి మేడమ్. రేపు నన్ను కూడా ఏం చేస్తారోనండి," అన్నాడు శ్యాంబాబు.

పాలకొల్లు దగ్గర పల్లెలో అతనికి కొబ్బరితోట ఉంది. దానికన్నా ముఖ్యంగా యూట్యూబ్‌లో 'తోటబాబు' అనే ఛానల్ ఉంది. తోటపని మిషన్లు ఏవి కొనాలో, ఏవి కొనకూడదో అందులో చెబుతాడు. రెండు నెలల కిందట గడ్డి కోసే బ్రష్‌కట్టర్ గురించి వీడియో పెట్టాడు. ఆ మిషన్‌ని సొంత డబ్బుతో కొన్నాననీ, ఆరు నెలలు సొంత తోటలో వాడాననీ, చిన్న పిల్లాడి చేతికిచ్చినా భయం లేదనీ చెప్పాడు. అది చూసి పక్క ఊరి కూలీ చిట్టియ్య అదే రకం కొన్నాడు. రెండో వారంలో బ్లేడుకి అడ్డంగా ఉండే ప్లాస్టిక్ గార్డు విరిగి, చిట్టియ్య కాలివేళ్లు రెండు తెగిపోయాయి.

"వాడే ఎలా పడితే అలా వాడుంటాడండి. వాడి పెళ్లాం జ్ఞానమ్మ నేను మోసం చేశానని స్టేషన్‌కెళ్లింది. శనివారం నా మిషన్ కూడా తెమ్మన్నారు ఎస్సై గారు, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దామని. గురువారం ఆవిడ మా గేటు దగ్గరకొచ్చి శాపనార్థాలు పెట్టింది. శుక్రవారం పొద్దున చూస్తే షెడ్డు తాళం పగిలి ఉంది. ఇంకెవరండి?"

"పోలీసులకి చెప్పారుగా?"

"సాక్ష్యం లేదంటున్నారండి. మీలాంటి పేరున్నవాళ్లు రిపోర్టిస్తే కేసు కడతారు. పోనీ, మీ పరిశోధనంతా వీడియో తీస్తానండి. మీకూ పబ్లిసిటీ..."

"ఫోన్ జేబులో పెట్టుకోండి," అంది దేవకుమారి.

మధ్యాహ్నానికి ముగ్గురూ తోటకి చేరారు. షెడ్డులో మిషన్ వేలాడిందని చెప్పిన మేకు కింద సిమెంటు గచ్చు తెల్లగా మెరుస్తోంది. మూలన ఒక పెట్రోలు డబ్బా ఉంది. దేవకుమారి మూత తీసి వాసన చూసింది.

"మిషన్‌లోకి ఏం పోసేవారు?"

"పెట్రోలేనండి. బంకులో పట్టించి తిన్నగా పోసేయడమే. ఆరు నెలల్లో ఒక్కసారి మొరాయిస్తే ఒట్టు."

"ఇంకేమీ కలపరా?"

"కల్తీ మనకి అలవాటు లేదండి," అని అతను నవ్వాడు. ఆ మాట కూడా ఎప్పుడో వీడియోలో వాడుకోవడానికి దాచుకున్నట్టుంది.

వరండాలో అదే కంపెనీ పవర్ స్ప్రేయర్ ఉంది. దాని పిడికి చుట్టిన ప్లాస్టిక్ ఇంకా తీయలేదు.

"ఇదీ కొన్నారా?"

"మన ఛానల్లో అన్నీ సొంత డబ్బేనండి."

అక్కణ్ణించి డిటెక్టివ్, మాస్టారు ఇద్దరే చిట్టియ్య ఇంటికి వెళ్లారు. అతను కట్టుకట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. దొంగతనం మాట వినగానే జ్ఞానమ్మ మొహం పాలిపోయింది.

"తిట్టానండి, అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ నేను దొంగనాండి? కేసు పడితే బళ్లో వంటపని తీసేస్తారండి. ఈయన మంచాన పడ్డాక ఆ పనే మాకు దిక్కు."

"అతని మాట ఎందుకు నమ్మావు చిట్టియ్యా?"

"గుళ్లో సాక్ష్యం చెప్పినట్టు చెప్పాడండి. ఆరు నెలలు వాడిన మనిషి కదా అనుకున్నాను."

జ్ఞానమ్మ విరిగిన గార్డు ముక్క తెచ్చి ఇచ్చింది. దాని మీద 'తోటబాబు మెచ్చినది' అన్న గుండ్రటి స్టిక్కరు, అందులో శ్యాంబాబు నవ్వుమొహం ఉన్నాయి. కొన్నప్పుడే అది ఉందని చెప్పింది. దేవకుమారి స్టిక్కరు అంచు గోటితో లేపింది. విరిగిన అంచు మిగతా అంతా కొత్తగా, తెల్లగా ఉంటే, స్టిక్కరు కింద మాత్రం పాత మట్టి పట్టి నల్లగా ఉంది.

తిరుగు బస్సులో మాస్టారు ఆ వీడియో పెట్టారు. గొడవయ్యాక చూసేవాళ్లు పెరిగారని శ్యాంబాబు దాన్ని ఇంకా తీసేయలేదు. మొదటి సగం 'కొన్న రోజు', రెండో సగం 'ఆరు నెలల తర్వాత'. చొక్కా మారింది, మాట మారింది, గార్డు మీదికి స్టిక్కరు వచ్చింది.

"మనిషిని వదిలేసి వెనక చూడండి మాస్టారూ."

"కొబ్బరిచెట్లు. ఒక అరటిచెట్టు, దానికో లేత గెల, కొసన పువ్వు. రెండింట్లోనూ అంతేనమ్మా."

"అంతే," అంది దేవకుమారి.

మర్నాడు పదింటికి ఆవిడ అందరినీ తోటలోకి పిలిపించింది. ఎస్సై వచ్చాడు. పాలకొల్లులో మిషన్ల కొట్టు నడిపే కుక్కుటేశ్వరరావు వచ్చాడు. భార్య భుజం పట్టుకుని చిట్టియ్య నడిచి వచ్చాడు. శ్యాంబాబు తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు.

"దొంగతనం జరగలేదు. ఇక్కడ పోవడానికి మిషనే లేదు," అని మొదలుపెట్టింది దేవకుమారి. "ఇది టూ స్ట్రోక్ ఇంజను. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయకపోతే కాసేపటికే పట్టేసి ఆగిపోతుంది. వారం రోజులు వాడినవాడికైనా ఆ సంగతి తెలుస్తుంది. ఈయనకి తెలీదు. ఆరు నెలలు మిషన్ వేలాడిన చోట గచ్చు మీద ఒక్క చుక్క జిడ్డు లేదు."

"నేను... కడిగించానండి," అన్నాడు శ్యాంబాబు.

"గెలని కూడా కడిగించారా? కొన్న రోజున పువ్వుతో ఉన్న లేత గెల ఆరు నెలల తర్వాత కూడా అలాగే లేతగా ఉంది. మూడు నాలుగు నెలల్లో కోసేసే గెల అది. ఈ జిల్లాలో పుట్టి, తోట పెట్టుకుని, లక్షమందికి వ్యవసాయం చెప్పే మనిషికి అరటిగెల ఎన్నాళ్లుంటుందో గుర్తు రాలేదు. రెండు భాగాలూ ఒక్క పూటలో తీశారు. కుక్కుటేశ్వరరావు గారూ, ఆ పూట మిషన్ ఎవరిది?"

కొట్టు యజమాని నేల చూశాడు. "మాదేనండి. కంపెనీ వాళ్లు బాబుకి చూపించమన్నారు, ఒక మధ్యాహ్నం ఇచ్చాను. సాయంత్రం స్టిక్కరేసి తిరిగి పంపాడు. ప్రచారానికి అనుకున్నానండి."

"తర్వాత దాన్ని ఎవరికి అమ్మారు?"

"చిట్టియ్యకేనండి."

జ్ఞానమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"స్టిక్కరు కింద పగులు పాతది. వీడియో తీస్తుండగానే బ్లేడు ఏ రాయికో తగిలి గార్డు పగిలింది," అంది దేవకుమారి. "పగులు కనపడకుండా ఈయన తన బొమ్మ అంటించి, మిగతా సగం తీసి, నోరు మూసుకుని వెనక్కి పంపేశాడు. ఆ వీడియోకి కంపెనీ ఇచ్చిన కూలి వరండాలోని ఆ స్ప్రేయర్. తీరా ఎస్సై గారు మిషన్ తెమ్మనేసరికి తెచ్చేదేమీ లేక తన తాళం తనే పగలగొట్టి, వేళ్లు పోగొట్టుకున్నవాడి భార్య మీద దొంగతనం పెట్టాడు. దొంగల్ని చాలామందిని చూశాను మాస్టారూ. దొంగకి కనీసం తను దొంగనని తెలుసు."

శ్యాంబాబు పెదవులు తడుపుకున్నాడు. "అందరూ చేసేదేనండి మేడమ్. కంపెనీ ఇచ్చిందని చెబితే ఎవరు నమ్ముతారండి?"

"అందుకే చెప్పాలి," అంది దేవకుమారి. అతని వంక చూడటం కూడా దండగ అన్నట్టు మొహం తిప్పుకుంది.

ఎస్సై జీపు ఎక్కమన్నాడు. శ్యాంబాబు చిట్టియ్య వైపు తిరిగాడు. "క్షమాపణ వీడియో పెడతాను, అన్నా. ఇప్పుడే తీస్తాను," అంటూ ఫోన్ ఎత్తి, జుట్టు సర్దుకున్నాడు. "హాయ్ ఫ్రెండ్స్, ఇవాళ ఒక ఎమోషనల్..."

"ఆపు," అంది జ్ఞానమ్మ. ఆవిడ మాటలో 'అండి' పోయింది. "ఫ్రెండ్సెవరు? వేళ్లు పోయింది ఈయనకి. నువ్వేం చేశావో ఈయన పేరు పెట్టి చెప్పు."

అతను మళ్లీ మొదలెట్టాడు. 'ఒక రైతన్నకి' అనబోతుంటే ఆవిడ మళ్లీ ఆపింది. జీపు దగ్గర ఎస్సై ఆగి చూస్తున్నాడు. శ్యాంబాబు ఫోన్ పట్టుకున్న చెయ్యి కొంచెం కిందికి దిగింది.

"పగిలిందని నాకు తెలుసు చిట్టియ్యా," అన్నాడు, కెమెరాలోకి కాకుండా.

భార్య భుజం మీద చెయ్యి వేసి చిట్టియ్య గేటు వైపు నడిచాడు.