నీరజకు నచ్చని కారు

నరసరావుపేట షోరూంలో కారు మీది ఎర్రటి పట్టు ముసుగు జారగానే అందరూ చప్పట్లు కొట్టారు, ఒక్క అమ్మాయి తప్ప.

మైకు పట్టుకున్న యల్లమంద కళ్లు సరిగ్గా ఆ అమ్మాయి మీదే పడ్డాయి. ఆకుపచ్చ చుడీదార్, చేతిలో ఫోను, పులిసిన మజ్జిగ తాగినట్టు ముఖంలో ఒక విరుపు.

"ఇదే కొత్త శూర! పల్నాటి పౌరుషానికి నాలుగు చక్రాలు!" అన్నాడతను గొంతు పెంచి. ఆ మాట రాసింది తనే. దాని మీద అతనికి కాస్త గర్వం కూడా ఉంది.

ఆ అమ్మాయి చెయ్యెత్తింది. "ఒక డౌటండీ. ఏసీ బటన్ ఎక్కడ?"

"బటన్లు పాత ఫ్యాషన్ మేడం. అన్నీ టచ్ స్క్రీన్‌లోనే."

"గుంతల్లో బండి ఎగురుతుంటే స్క్రీన్ మీద వేలు నిలుస్తుందా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"ముందున్న ఆ పెద్ద గ్రిల్లు కూడా ఉత్త ప్లాస్టిక్కే. గాలి పోయేందుకు కంత కూడా లేదు. మీసం అతికించుకుంటే పౌరుషం వస్తుందా అండీ?"

ఈసారి షోరూం మొత్తం నవ్వింది. యల్లమందకు చెవులు ఎర్రబడ్డాయి. అంత కోపంలోనూ ఆమె కళ్లు బాగున్నాయని అనిపించినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

ఆమె పేరు నీరజ. ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ లెక్చరర్. ఖాళీ దొరికితే 'గేరు మార్చు' అనే తన ఛానెల్లో కొత్త కార్ల మంచిచెడ్డలు చెబుతుంది. ఆ సాయంత్రమే 'శూరకు అట్టమీసం' అని వీడియో పెట్టింది. తెల్లారేసరికి మాచర్ల నుంచి నరసరావుపేట దాకా కార్ల పిచ్చి ఉన్న ప్రతి ఫోనులోకీ అది చేరింది.

షోరూం ఓనరు సుభానీ తల పట్టుకున్నాడు. "ఒరేయ్ యల్లమందా, బుక్ చేసుకున్నోళ్లు కూడా వెనక్కి తగ్గుతన్నారు. ఆ పిల్లని బతిమాలుకుంటావో ఏం చేస్తావో, ఆ వీడియో తీసేయించు."

యల్లమంద ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. నీరజ అమ్మమ్మ హనుమాయమ్మ తలుపు తీసింది.

"ఎవరయ్యా నువ్వు?"

"శూర షోరూం నుంచి వచ్చానమ్మా."

"ఆ మీసాల కారోడివా! ఏమే నీరజా, నీకోసం వచ్చారే."

నీరజ చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చింది. వాకిట్లో ఆమె పాత కారు బానెట్ ఎత్తి ఉంది. విషయం వినకుండానే చెప్పేసింది.

"వీడియో తీసెయ్యను. అందులో ఒక్క అబద్ధం చూపించండి, అప్పుడు తీసేస్తా."

"అబద్ధం లేదు," అన్నాడు యల్లమంద. "కానీ మీరు బండి నడపకుండా మాట్లాడారు. మొహం చూసి వంక పెట్టారు గానీ గుణం చూళ్లేదు."

నీరజ చేతిలో గుడ్డ పక్కన పడేసింది. ఆ మాట న్యాయమే.

"సరే, బండి ఇవ్వండి. నేను చెప్పిన రోడ్డు మీద నడుపుతా. వీడియో మీరే తీయండి. మంచీ చెడూ రెండూ ఉండాలి."

"ఉంటాయి. మాటిస్తున్నా."

"మాట తప్పితే?"

"కోటప్పకొండ పక్క ఊరి పేరే పెట్టుకున్నోణ్ణి, యల్లమంద అని. మాట తప్పితే కోటప్పకొండ స్వామి ఊరుకోడు లెండి."

ఆమె మొదటిసారి నవ్వింది.

ఆమె ఎంచుకున్న దారి పిడుగురాళ్ల క్వారీల వెంట పోయేది. లారీల కింద నలిగి రోడ్డంతా తెల్లటి సున్నపు దుమ్ము. శూర ఆ గుంతల మీద పడవలా సాగిపోయింది. నీరజ కనుబొమలు పైకి లేచాయి.

"ఇంత మెత్తగా పోతుందనుకోలేదు. చానా బాగుంది," అంది కెమెరాకు వినబడేలా.

"ఇంకోసారి అనండి."

"ఆశ!"

అంతలో వాన మొదలైంది. దుమ్ము కాస్తా తెల్లటి బురదై అద్దం మీద చిమ్మింది. అద్దం లోపలి వైపు మసకబారింది. ముందు ఒక లారీ ఉన్నట్టుండి వేగం తగ్గించింది.

"అద్దానికి గాలి పెట్టండి, తొందరగా!"

"ఆగండి, మెనూలో... ఇదిగో... నొక్కా!"

"ఏం రాలేదే! అబ్బా, సీటు కాలుతోంది ఏంది?"

అతను నొక్కింది సీటు వేడెక్కించే బొమ్మ.

నీరజ బండిని రోడ్డు పక్కకు తీసి ఆపింది. తర్వాత ఆమె పకపకా నవ్వింది.

"పిడుగురాళ్లలో సీటు వేడి! పౌరుషం అంటే ఇదేనా యల్లమంద గారూ?"

అతనూ నవ్వేశాడు. కారు పైన వాన దబదబా కొడుతోంది. ఆమె నుదుటి మీద ఒక వెంట్రుక చెమటకు తడిసి అతుక్కుపోయింది. అతను చూస్తున్నాడని ఆమెకు తెలిసింది. తెలిసినట్టు కనిపించకుండా వైపర్ల వైపు చూస్తూ కూర్చుంది.

వీడియో మొత్తం అతను కంపెనీకి పంపాడు. నాలుగైదు రోజుల తర్వాత ప్రకటన బయటికొచ్చింది. అందులో సీటు లేదు, మసక అద్దం లేదు, లారీ లేదు. "చానా బాగుంది" అంటున్న నీరజ ఒక్కతే ఉంది. కింద పెద్ద అక్షరాలతో 'విమర్శకురాలి మనసు గెలిచిన శూర'.

"అమ్ముడుపోయావా అక్కా?" అని కామెంట్లు వరదలా వచ్చాయి. క్లాసులో పిల్లలు కూడా గుసగుసలాడుకున్నారు.

యల్లమంద ఫోను మోగింది.

"మాటిచ్చావు," అంది నీరజ. "నిన్ను నమ్మాను చూడు, నాది బుద్ధి తక్కువ."

"నీరజ గారూ, నేను కాదు..."

ఫోను పెట్టేసింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

అతను నేరుగా సుభానీ దగ్గరికి పోయాడు. ప్రకటన తీసేయించమన్నాడు.

"కంపెనీ వాళ్లు చేసిందిరా అది. మనమెంత, మన బతుకెంత?" అన్నాడు సుభానీ.

"నేను మాటిచ్చాను సార్."

"ఉద్యోగం చేసుకో నాయనా."

యల్లమంద తలొంచుకుని బయటికొచ్చాడు. కానీ మనసులో ఒకటి గట్టిగా అనుకున్నాడు. ఊరందరి ముందూ జరిగిన తప్పును ఊరందరి ముందే సరిదిద్దాలి.

ఆ ఆదివారం నాగార్జునసాగర్ పక్కన విజయపురి సౌత్‌లో శూర కొన్నవాళ్లకూ కార్ల క్లబ్బుల వాళ్లకూ కంపెనీ పెద్ద సభ పెట్టింది. డిజైన్ విభాగం పెద్ద ఇంద్రజ కూడా వచ్చింది. మైకు యల్లమందదే. మొదలుపెట్టబోతుంటే పాత కారొకటి గేటు దగ్గర ఆగింది. నీరజ దిగింది. కంపెనీ వాళ్లను నిలదీయాలనే ఆమె అంతదూరం వచ్చింది. అతని వైపు మాత్రం చూడలేదు.

"అందరికీ నమస్కారం," అన్నాడు యల్లమంద. "మీరంతా ఒక ప్రకటన చూశారు. అందులో సగమే ఉంది. మిగతా సగం ఇప్పుడు చూడండి."

వెనక పెద్ద తెర మీద మొత్తం వీడియో నడిచింది. మెత్తటి ప్రయాణం చూసి జనం తలలూపారు. అద్దం మసకబారినప్పుడు మెడలు ముందుకు చాచారు. "సీటు కాలుతోంది ఏంది?" అన్నప్పుడు గొల్లుమన్నారు.

"ఈ వీడియో తీసింది నేను. మంచీ చెడూ రెండూ ఉంటాయని నీరజ గారికి మాటిచ్చింది నేను. ఆ ప్రకటనలో ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ అమ్ముడుపోలేదు. ఆవిడకి అందరి ముందూ క్షమాపణ చెబుతున్నా."

సుభానీ కుర్చీలో కూలబడ్డాడు. ఇంద్రజ లేచి నిలబడింది. ఆమె కోప్పడుతుందని అందరూ అనుకున్నారు. ఆమె జనం వైపు తిరిగింది.

"నీరజ గారూ, మీరైతే ఆ బటన్ ఎక్కడ పెడతారు?"

నీరజ ముందుకొచ్చింది. "చూపు రోడ్డు మీంచి తిప్పకుండా చెయ్యి ఎక్కడికి పోతుందో అక్కడ. గేరు పక్కన, తడిమితే తెలిసేలా."

"కొత్త మోడల్ గురించి మాటివ్వలేను. నా చేతిలో లేనివి చాలా ఉంటాయి," అంది ఇంద్రజ. "ఆ ప్రకటన మాత్రం ఈ రోజే తీసేయిస్తాను."

సభ ముగిశాక సుభానీ అతన్ని పక్కకు లాక్కుపోయాడు. "నువ్వు చెప్పింది తప్పు కాదురా. నన్నడక్కుండా చెప్పావు, అదే తప్పు. ఇంక మైకు ముట్టుకోబాక. రేపట్నుంచి సేల్స్ చెయ్. నిజం చెప్పి ఎన్ని బళ్లు అమ్ముతావో చూస్తా."

"అమ్ముతా సార్," అన్నాడు యల్లమంద.

బయట చినుకులు పడుతున్నాయి. నీరజ తన కారుకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఫోన్ ఎత్తి ఉంటే సరిపోయేది," అంది మెల్లగా. "నీ మాట వినకుండా తిట్టాను."

"వినకపోవడమే మంచిదైంది. ఫోన్లో అయితే మీ ఒక్కరికే చెప్పేవాణ్ణి." అతను ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. "ఇంకోటి మాత్రం మీ ఒక్కరికే చెప్పాలి. మీరంటే నాకు ఇష్టం. తిడుతున్నప్పుడు కూడా ఇష్టమే. కాదంటే చెప్పండి, బస్సెక్కి పోతా. మళ్లీ విసిగించను."

కృష్ణా నది మీది గాలికి ఆమె చున్నీ రెపరెపలాడింది.

"ఈ వానలో బస్సెందుకు?" అంది, అవతలి తలుపు తీస్తూ. "ఎక్కు. దార్లో నీకు గేర్లంటే ఏందో నేర్పిస్తా."

వాళ్లు నరసరావుపేట చేరేసరికి హనుమాయమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. సభ ముచ్చటంతా ఫోన్లో ముందే చూసేసింది. అతన్ని కిందికీ పైకీ చూసింది.

"ఇది చానా మొండిదయ్యా. తెలుసా నీకు?"

"తెలుసు అమ్మమ్మా. నేనూ మొండోణ్ణే."

"మరి ఇద్దరూ మొండోళ్లైతే కాపరం ఎట్టా?"

నీరజ సిగ్గుపడలేదు. వచ్చి అతని పక్కన నిలబడింది. "ఇద్దరం ఒకే వైపు మొండికేస్తాం అమ్మమ్మా."

ముసలావిడ కొంగుతో కళ్లొత్తుకుంటూనే గదమాయించింది. "సరే, మీ అమ్మానాన్నల్ని తీసుకురా పో అబ్బాయ్. నా మనవరాల్ని అడగటానికి పెద్దోళ్లు రావాల్సిందే!"