నాలుగు, సున్నా

అక్కాబావలు పొద్దుగుంకేలోపు తెరచాప ఎత్తాలి. గాలి మీటరు పిచ్చిలెక్కలు చెబుతుంటే నడిసముద్రంలో ఇద్దరి ప్రాణాలకీ దిక్కుండదు. అందుకే అక్క తమ్ముణ్ణి పిలిపించింది. రేవులో ఉన్న పడవలన్నీ బాగుచేసే మెకానిక్ అతను, సొంత అక్క పడవ దగ్గరికొచ్చేసరికి ఇన్నాళ్ళూ రేపు మాపు అంటూ తప్పించుకున్నాడు.

రేవులో ఆకు కదలడం లేదు. జెండాలు తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. పడవలోని స్క్రీన్ మీద మాత్రం గాలి వేగం నాలుగు, సున్నా, నాలుగు, సున్నా అంటూ మారుతోంది.

తమ్ముడు తెరచాప స్తంభం మొదట్లో మీటరు వైరు విప్పి, తుప్పు గీకి, మళ్ళీ బిగించాడు. ఏమీ మారలేదు. మీటరు ఉన్నది స్తంభం కొసన, ఇక పైకెక్కి చూడాల్సిందే. అతను తాడు కుర్చీలో కూర్చున్నాడు. బావ తాడు చుట్టే చక్రం తిప్పి పైకి లాగాడు.

"ఏం తింటున్నావురా? నా రెక్కలు ఊడిపోతున్నాయి!"

"అక్క వంట తప్పించుకున్నాగా బావా, అందుకే ఒళ్ళు చేశాను."

పడవ లోపలి గదిలో పక్కలు సర్దుతున్న అక్క అక్కణ్ణించే తిట్టింది.

స్తంభం చివర చల్లగా ఉంది. ఏదో వాసన... ఏళ్ళ తరబడి తలుపు తీయని గది వాసన. ఈ రిపేరుకి పద్ధతి ఒకటే. పైనున్నవాడు మీటరు చూస్తుండాలి, కిందున్నవాడు స్క్రీన్ మీది అంకె చదవాలి.

"చదువు బావా."

"నాలుగు... సున్నా... నాలుగు..."

అతని కళ్ళముందే గాలికి తిరిగే మీటరు గిన్నెలు కాస్త తిరిగి ఆగాయి. మళ్ళీ తిరిగాయి. ఆగాయి. తన ఊపిరే తగులుతోంది కాబోలని నవ్వుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు.

"నాలుగు," అన్నాడు బావ.

గాలి ఎటు నుంచి వస్తోందో చూపించే ముల్లు మెల్లగా కదిలింది... తిరిగింది... సరిగ్గా అతని భుజం వెనక్కి చూపిస్తూ ఆగింది.

వెనక ఏముంది? వట్టి ఆకాశం.

మెడ మీద వెచ్చగా తగిలింది. పోయింది. మళ్ళీ తగిలింది.

అతను తల తిప్పలేదు. పైప్రాణాలు పైనే పోయేలా ఉన్నాయి. అయినా ఇది అక్క వెంట వెళ్ళకూడదు. గబగబా మరలు విప్పి, మీటరుని ఊడబెరికి దూరంగా నీళ్ళలోకి విసిరేశాడు.

"దించు బావా... తొందరగా..."

డెక్ మీద కాలు పెట్టగానే బావ రెండు జబ్బలూ పట్టుకున్నాడు. "అదేం పనిరా? ముఖం అలా పాలిపోయిందేం?"

"ఇవాళ వెళ్ళొద్దు బావా. నీ కాళ్ళు పట్టుకుంటాను." తమ్ముడికి ఏడుపొచ్చేసింది.

బావ స్క్రీన్ వైపు చూశాడు. అది ఆరిపోయి ఉంది. "సరేలే, వెళ్ళంలే. ముందు కూర్చో," అంటూ తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తమ్ముడు అప్పటికి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

అంతలో లోపల్నించి అక్క నవ్వు వినిపించింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఏంట్రా ఈ చిన్నపిల్లల చేష్టలు? చక్కిలిగిలి పెడుతోంది... మెడ మీద ఊదకు!"