తిరగేసిన పన్నెండు గుడ్లు

ఈ కథలో ఒక్క అబద్ధం దొరికినా నా మీసం గొరిగించుకుంటాను.

ఆ ఉదయం ల్యాబ్ అమ్మాయి డిటెక్టివ్ గదికి పరుగున వచ్చింది. "ఎవరో మా ల్యాబులో ప్రయోగానికి పెట్టిన పన్నెండు గుడ్లనీ చంపేశారండీ. గది తాళం నా దగ్గరుంటుంది గనక నేనేనంటున్నారు. సాయంత్రానికి నా ఉద్యోగం ఊడుతుంది."

"ఆమ్లెట్ కేసు కూడా వచ్చింది బావా," అన్నాడు డిటెక్టివ్‌కి అసిస్టెంటుగా తిరిగే బావమరిది. ల్యాబుకు వెళ్ళాక అతనికి నవ్వు రాలేదు.

పెద్ద డాక్టరు వెచ్చటి పెట్టె తెరిచి చూపించాడు. "పిండం వెన్ను దగ్గర పుట్టిన కణాలు కొన్ని ఒళ్ళంతా నడిచి వెళ్ళి చర్మానికి రంగునిస్తాయి. చేరాక కుదురుగా ఉంటాయి. మచ్చ క్యాన్సరైతే వాటికి పాత నడక గుర్తొస్తుంది. ఊపిరితిత్తులకీ మెదడుకీ బయల్దేరతాయి. ఆ క్యాన్సరుతో ఈ మధ్యే పోయిన ఒక కుర్రాడి కణాలు కోడిపిండాల్లో పెట్టాం, అక్కడైనా కుదురుకుంటాయేమోనని."

లోపలి పిండం కనబడేలా గుడ్ల పైభాగాన పెంకులో కిటికీ కోసి టేపు వేశారు. ఇప్పుడా కిటికీలన్నీ కిందికున్నాయి. సొన కారిపోయింది. ఒక్క పెంకూ పగల్లేదు.

"గదిలోకి ఇంకెవరొస్తారమ్మా?" అని ల్యాబ్ అమ్మాయిని అడిగాడు డిటెక్టివ్.

"నేను తలుపు తీశాక గాజుసామాను కడిగే పెద్దమ్మ వస్తుంది. 'గుడ్లు వెచ్చగా ఉన్నాయా తల్లీ' అని రోజూ అడుగుతుంది."

సాయంత్రం డిటెక్టివ్ అందరినీ కూర్చోబెట్టాడు. "చంపాలనుకున్నవాడు పగలగొడతాడు. ఇవి ఒక్కొక్కటీ పదిలంగా తిప్పినవి. పిల్ల పెంకుకు అంటుకోకుండా అలా తిప్పేది కోళ్ళు పెంచినవాళ్ళు. కిటికీ కోసిన గుడ్డు తిప్పకూడదని ల్యాబువాళ్ళకి తెలుసు."

మూలనున్న పెద్దమ్మ లేచింది. "నేనే నాయనా. అందులోవి పోయిన మా అబ్బాయివని డాక్టరుగారే చెప్పారు. వారమైనా ఎవరూ తిప్పట్లేదని..." ఆమె ల్యాబ్ అమ్మాయి వైపు తిరిగింది. "నీ పని పోతుందనుకోలేదు తల్లీ." ఆపైన డాక్టర్ని అడిగింది, "ఒక్కటైనా మిగిలిందా?"

డాక్టరు పన్నెండో గుడ్డు తీసి భూతద్దం కింద పెట్టాడు. ఎర్రటి చుక్కలాంటి గుండె కొట్టుకుంటోంది. పక్కనే నల్లటి నలుసులు, ఆ కుర్రాడి కణాలు.

"మీవాడు కుదురుగా కూర్చున్నాడమ్మా."

"బతికుండగా ఒక్క చోట కూర్చున్న పాపాన పోలేదు," అందామె.

ల్యాబ్ అమ్మాయి ఉద్యోగం నిలిచింది.

ఇక మీసమంటారా, అది నాకెన్నడూ మొలవలేదు, నిశ్చింతగా పందెం కాశాను. ఆ పన్నెండో గుడ్డు నేను కల్పించింది. నిజానికి ఆమె అడిగింది, డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఆమె సామాను కడగడానికి వెళ్తూ, వెచ్చదనం పోకుండా, ఆ పెట్టె తలుపు మూసి వెళ్ళింది.