కన్ను మూయని వెండి చేప

నాచారంలో మూతబడ్డ బిస్కెట్ ఫ్యాక్టరీ వెనక బంగ్లాకు మంచి పేరు లేదు. ఇంటావిడ అనంతలక్ష్మి పోయి ఏళ్లయినా, చీకటి పడితే నడుముకున్న తాళాలగుత్తి గలగలలాడిస్తూ ఇల్లు సర్దుతుందట... చచ్చినా ఆమెకు సర్దుడు ఆగలేదంటారు.

దుర్గాభవాని మాత్రం కాలేజీ డిబేట్‌లో దెయ్యాలను ఓడించి కప్పు తెచ్చుకున్న పిల్ల. ఆ రాత్రి ఉప్పల్ ఇంటికి బంగ్లా పక్క అడ్డదారే పట్టింది. కరెంటు పోయింది. జిప్పు పడని సంచిలో, అప్పుడే మెరుగు పెట్టించిన నాయనమ్మ తాంబూలం పెట్టె — వెండి చేప. ఒళ్లంతా కదిలే పొలుసులు, కళ్లకు ఎర్రరాళ్లు.

"చేప కన్ను మూయది బిడ్డా. గందుకే అన్నం తిన్నకాడ పెడ్తరు, సిరికి కావలి," అంది పొద్దున వెంకటనర్సమ్మ.

"బొమ్మ బొమ్మనే నాయనమ్మా. అర్థాలు మనం అంటిచ్చినయి."

"సరే తీయ్, పైలంగ పట్కరా. మీ తాత పెండ్లిల పెట్టింది గదొక్కటే మిగిలింది. అది పోతే ఆయన మల్లొక్కసారి పోయినట్టే."

బంగ్లా గోడ పక్కకు వచ్చిందో లేదో — గల్.

ఆగింది. చప్పుడూ ఆగింది.

నడిచింది. గల్... గల్...

గాలి, అని వాదించింది తనతో తనే. ఆకు కదలడం లేదు. ఎలుక... ఎలుకకు తాళాలెందుకు? మూడో పాయింటు దొరకలేదు. టైం అయిపోకముందే మాటలు అయిపోవడం ఆమెకు అదే మొదలు.

దూరంగా బైకు లైటు పడింది. చంక కింద ఎర్రటి కన్ను — రెప్ప వేయకుండా, తననే...

సంచిని గోడవతలికి విసిరేసి ఉరికింది. పరుగు పందెంలో అయితే ఇంకో కప్పు వచ్చేది.

మెయిన్ రోడ్డు మీద ఊపిరి తీసుకుంటే, వెనక చప్పుడు లేదు. సంచీ లేదు. అప్పుడు వెలిగింది బుర్ర. తన నడకకు మోగింది చేప. తనను చూసిందీ చేపే. ఇంత తెలివీ పెట్టుకుని తాతను మళ్లీ చంపింది.

వచ్చిన దారినే వెనక్కి తిరిగింది.

గోడ ఎక్కే పని పడలేదు. తుప్పుతాళం వేసిన గేటుకు, బయటివైపు, సంచి పొందికగా తగిలించి ఉంది. తడిమితే లోపల చేప గల్లుమంది.

ఏడాదిగా పడని జిప్పు... ఈ కొస నుంచి ఆ కొసకు పడి ఉంది.

దుర్గాభవాని దగ్గర పాయింట్లు లేవు. అలవాటు మాత్రం పోలేదు. వేదిక దిగేముందు చేసినట్టే చేతులు జోడించి గొణిగింది:

"ఎదుటి పక్షానికి... ధన్యవాదాలు."

బంగ్లా లోపల ఎక్కడో తలుపు మెల్లగా మూసుకుంది. తాళం పడింది.