స్క్రీన్ల సమ్మె

"ఆ డబ్బా మీద నుంచి చెయ్యి తియ్యండి."

"మీరే తియ్యుండ్రి మేడం. ముందు నా చెయ్యే వడ్డది."

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద వాన దంచికొడుతోంది. మల్లికార్జునరావు గారి కంప్యూటర్ షాపు గుమ్మంలో తలదాచుకున్న హాస్టల్ పిల్లలకి చూడ్డానికి ఫ్రీగా ఒక తగాదా దొరికింది. మధ్యలో ఒక అట్టపెట్టె, దాని మీద అటొక చెయ్యి, ఇటొక చెయ్యి. అటు చెయ్యి వేదవతిది. చైతన్యపురిలో ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది. ఇటు చెయ్యి ఎవరిదో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

"రావుగారూ, పొద్దున్నే ఫోన్ చేశానా లేదా? స్క్రీన్ ఉంచుతానన్నారా లేదా?"

మల్లికార్జునరావు గారు బుర్ర గోక్కున్నారు. "అన్నానమ్మా. ఈయనతోనూ అన్నాను. రెండున్నాయనుకున్నాను, తీరా చూస్తే ఒక్కటే తేలింది. ఇంక రావు కూడా. కంపెనీ వాళ్ళు ఈ రకం స్క్రీన్లు విడిగా చేయడం మానేశారు."

"మానేస్తే మా గతేం కాను?"

"కంప్యూటరూ స్క్రీనూ ఒకటిగా అతుక్కుని వస్తోందిగా, అది కొనుక్కోమంటున్నారు."

అది పక్క బల్ల మీదే మిలమిలలాడుతోంది. వేదవతి వంగి చూసింది. అద్దం లాంటి తెర. అందులో తన తడిసిన జుట్టు కనిపించింది, వెనకాల ట్యూబ్‌లైటు కనిపించింది, తెర మీద ఉన్న బొమ్మ తప్ప అన్నీ కనిపించాయి.

"బొట్టు పెట్టుకోవడానికైతే బాగుంది. దీని మీద చీరల రంగులెలా చూడాలండీ? ఇంట్లో కంప్యూటర్ లక్షణంగా పనిచేస్తోంది. ఒక్క స్క్రీన్ కోసం మళ్ళీ మొత్తం కొనాలా? చెప్పు తెగిందంటే కాలు కూడా మార్చుకోమన్నట్టుంది!"

"గా మాట మాత్రం కరెక్ట్ చెప్పిండ్రు," అన్నాడు ఇటుపక్క అబ్బాయి. "పని చేసుకునేటోళ్ళ బాధ కంపెనోళ్ళకేం దెలుసు? చూసెటందుకు మెరిస్తే చాలు వాళ్ళకు."

మాట బాగానే ఉంది. చెయ్యి మాత్రం తీయలేదు.

"అసలు మీకెందుకండీ ఇంత మంచి స్క్రీన్?"

"ఎల్బీనగర్ల ఫ్లెక్సీలు చేస్త. నా పేరు భిక్షపతి. ఇప్పుడు ఊరంత గులాబి రంగే నడుస్తున్నది. అది జర ఎర్రగొచ్చినా, జర ఊదగొచ్చినా నన్ను షాపుల నుంచి బయటికి గుంజి అడుగుతరు, జెండ రంగు మార్చినవేందిరా అని."

"జెండా వాళ్ళు నయమండీ. మెరూన్ చీర వంకాయ రంగులో వచ్చిందంటే పెళ్ళికూతురి తల్లి ఏం చేస్తుందో మీకు తెలీదు."

షాపంతా ఘొల్లుమంది. ఈ గొడవలో బేరం జారిపోతుందేమోనని మల్లికార్జునరావు గారు గబగబా తీర్పు చెప్పేశారు. "ఈ వానలో తడవకుండా ఎవరు పట్టుకెళ్ళగలిగితే స్క్రీన్ వాళ్ళది."

వేదవతి తన గొడుగు చూసుకుంది. అది ఆమెనే సరిగా కాపాడలేదు. భిక్షపతి ఒక్క ఉరుకున బండి దగ్గరికి వెళ్ళి పాత ఫ్లెక్సీ ఒకటి పట్టుకొచ్చాడు. ఎవరో గల్లీ లీడర్ పుట్టినరోజుది. పెట్టె చుట్టూ చుట్టి తాడు బిగించేసరికి ఆ లీడర్ సగం మొహంతో పైకి వచ్చి, చేతులు జోడించి వేదవతిని చూసి నవ్వాడు.

"నవ్వు నాయనా, నవ్వు," అంది ఒళ్ళు మండి.

భిక్షపతి బండి స్టార్ట్ చేసి, ఏమనుకున్నాడో, వెనక్కి తిరిగాడు. "మేడం! రంగు చూసుకోవాలంటే మా షాపుకు రాండ్రి. చూస్తే స్క్రీన్ అరిగిపోదు గద."

"చచ్చినా రాను."

ఆ వారమే వెళ్ళింది. ఏం చేస్తుంది మరి? పౌరుషానికి పోతే మెరూన్ చీర మెరూన్‌గా వస్తుందా?

పెన్‌డ్రైవ్ పెట్టి ఆల్బమ్ తెరవగానే ఆమె ప్రాణం లేచొచ్చింది. చీర చీరలా, పసుపు పసుపులా ఉన్నాయి. ఆ సంతోషంలో ఉండగా వెనక నుంచి భిక్షపతి తొంగి చూశాడు.

"గీ పెండ్లికొడుకు మొకానికి సున్నమేసిండ్రా ఏంది?"

"వాళ్ళమ్మగారు తెల్లగా చేయమన్నారు."

"చెయ్యుమంటే చేస్తరా? రేపు మనుమలు చూసి, గీ తెల్లోడెవడే నానమ్మా అని అడుగుతరు."

నవ్వకూడదనుకుంది. నవ్వొచ్చేసింది. అక్కడితో పౌరుషం కథ ముగిసింది.

ఆ తర్వాత ప్రతి ఆల్బమ్‌కీ వెళ్ళాల్సి వచ్చింది. కొన్నాళ్ళకి ఏ సందేహమూ లేని ఆల్బమ్‌లు కూడా ఆమెకు సందేహంగా కనిపించసాగాయి. అతనూ తక్కువవాడేం కాదు. "జర చూడు, గిది గులాబియేనా?" అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. అతని నోట 'మేడం' పోయి 'నువ్వు' ఎప్పుడొచ్చిందో ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు.

వేదవతి తండ్రి సాంబమూర్తి గారు కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతారు. "పెళ్ళిళ్ళన్నీ చైతన్యపురిలో అవుతుంటే ఆల్బమ్‌లన్నీ ఎల్బీనగర్ ఎందుకు వెళ్తున్నాయమ్మా?" అని ఒకటి రెండుసార్లు అడిగారు. "స్క్రీన్ నాన్నా," అని ఆమె తప్పించుకుంది. తల్లి పెద్దకూతురి పురిటికని తెనాలి వెళ్ళింది కాబట్టి సరిపోయింది. ఆవిడుంటే స్క్రీన్ మాట నమ్మేది కాదు.

అంతలో సెప్టెంబరు వచ్చింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, స్కూళ్ళు ఆగాయి, ఆఫీసులు ఆగాయి. బొగ్గు ఆగి కరెంటుకీ కోత పడింది. చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ ఎంత దూరమని? అయినా వెళ్ళే దారి లేదు. ఫోన్ చేస్తే వెనకాల నినాదాలు వినిపించేవి. "పనిల ఉన్న వేదా, మళ్ళ చేస్త," అనేవాడు. మళ్ళీ చేసేవాడు కాదు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశాడు.

'సరే, నేనూ చెయ్యను,' అనుకుంది. అనుకున్నంత తేలిక కాలేదు.

సరిగ్గా అప్పుడొచ్చింది అరుణమ్మ.

"ఆల్బమ్‌లు చేసే పిల్లవు నువ్వేనా బిడ్డా? మా కర్మన్‌ఘాట్ల నీ పేరే చెప్తున్నరు. నల్లగున్నోళ్ళను తెల్లగ చేస్తవంట గద." నడిచొచ్చిన ఆయాసంతోనే చేతిసంచిలోంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. "మా కొడుకు. సూర్యాపేటల ఒక సంబంధమున్నది. పిల్ల టీచరు. దసరకు ఫొటో పంపుమన్నరు. జర తెల్లగ చేసియ్యి."

ఫొటోలో భిక్షపతి. ఎవరి పెళ్ళిలోనో గరిటె పట్టుకుని సాంబారు వడ్డిస్తూ, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు.

వేదవతి ఫొటోని తన వైపు తిప్పుకుంది. "ఈ ఫొటో ఇస్తున్నట్టు... మీ అబ్బాయికి తెలుసాండీ?"

"తెల్వకేంది! వాడే ఇచ్చిండు."

ఓహో. పనిలో ఉన్నానంటే ఈ పనన్నమాట!

కోపంతో ఆ రోజే ఫొటో స్కాన్ చేసి కూర్చుంది. తెల్లగానే కదా, పాలరాతి బొమ్మలా చేసి పంపేద్దాం, పీడా పోతుంది అనుకుంది. బుగ్గ మీదికి మౌస్ తీసుకెళ్ళింది. చెయ్యి ఆడలేదు. ఆ రంగులో ఒక్క చుక్క తగ్గినా ఆ మనిషి ఆ మనిషి కాడనిపించింది. ఈ ఫొటో చూసి సూర్యాపేటలో ఎవరో అమ్మాయి సరేనంటుందని తలుచుకునేసరికి ఏడుపొచ్చింది. కంప్యూటర్ కట్టేసి హాయిగా ఏడ్చింది.

అరుణమ్మ మళ్ళీ వచ్చింది. "అయిందా బిడ్డా?"

"లేదాంటీ. నా పాత స్క్రీన్ మీద రంగు సరిగ్గా తెలియట్లేదు. తెల్లగా చేయబోతే పచ్చకామెర్లు వచ్చినట్టు వస్తున్నారు. మంచి స్క్రీన్ ఉండాలి. అవేమో కంపెనీ వాళ్ళు ఆపేశారు."

అరుణమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఆపిండ్రా? అంటే కంపెనోళ్ళు గూడ సమ్మెల దిగిండ్రా?"

నిజం చెప్పడానికి వేదవతి నోరు తెరిచింది. ఆవిడ మొహం చూస్తే గర్వంతో వెలిగిపోతోంది. అన్నీ ఆగిపోయిన ఆ నెలలో స్క్రీన్లు కూడా ఆగడం ఆవిడకి వింతగా ఏమీ తోచలేదు.

"అలాంటిదేనండీ," అనేసింది వేదవతి.

"అయితే మనం తొందర పెట్టొద్దు. సమ్మెల ఉన్నోళ్ళను ఏమంటం? అయిపోయినంకనే చెయ్యి."

ఆ తర్వాత అరుణమ్మ ఫొటో కోసం కాక, సమ్మె సంగతి కనుక్కోవడానికి రాసాగింది. బతుకమ్మ పండగప్పుడు సత్తుపిండి తెచ్చింది. వేదవతి కాఫీ ఇచ్చింది. కొడుకు చిన్నప్పటి అల్లరంతా ఆవిడ చెబుతుంటే వేదవతి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది. విన్నకొద్దీ దిగులు పెరిగేది. కడుపులో ఇంత అబద్ధం పెట్టుకుని ఆవిడ సత్తుపిండి తినడానికి సిగ్గేసేది కూడా. అయినా తినేది. అంత బాగుండేది మరి.

దసరా వెళ్ళిపోయింది. ఒకరోజు అరుణమ్మ నిలబడే అడిగింది. "సూర్యాపేటోళ్ళు పరేషాన్ చేస్తున్నరు బిడ్డా. ఫొటో ఇయ్యకుంటే వేరే సంబంధం చూసుకుంటరంట. నీ స్క్రీనోళ్ళను చర్చలకన్న పిలిచిండ్రా లేదా?"

"ఇంకా లేదాంటీ," అంది వేదవతి నేల చూపులు చూస్తూ.

మర్నాడు మధ్యాహ్నం గేటు ముందు బండి హారన్ మోగింది. కిటికీలోంచి చూసి వేదవతి కొయ్యబారిపోయింది. బండి మీద భిక్షపతి. వెనక అరుణమ్మ. ఆవిడ ఒళ్ళో ఫ్లెక్సీ చుట్టిన పెద్ద మూట. దాని మీద నుంచి అదే లీడర్, అదే సగం మొహంతో దండం పెడుతున్నాడు.

"రోడ్డు మీద వంటావార్పు నడుస్తున్నది బిడ్డా," అంది అరుణమ్మ మూట దింపుతూ. "నడుమిట్లనే పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నరు. నా ఒళ్ళె దీన్ని చూసి, దవాఖాన మిషినేమో అనుకొని జరిగి తొవ్వ ఇచ్చిండ్రు. నిన్న ఇంట్ల చెప్పిన, స్క్రీన్ల కంపెనీ సమ్మెల ఉన్నది, చైతన్యపురి పిల్ల కాడ నీ ఫొటో ఆగిందని. వీడు పడిపడి నవ్విండు. ఇంతట్ల ఏమైందో, మొకం మాడ్చుకున్నడు. అసొంటి స్క్రీన్ నా కాడున్నది, తీస్కపోదాం పా అన్నడు."

భిక్షపతి ఎవరి మొహమూ చూడకుండా తీగలు తగిలించాడు. "ఇగో. ఇప్పుడు మంచిగ చెయ్యి. నా పెండ్లంటే నీకంత సంబరం గద."

"నాకెందుకు సంబరం? ఫొటో ఇచ్చి పంపింది మీరు!"

"నేనెక్కడిచ్చిన?"

ఇద్దరూ అరుణమ్మ వైపు తిరిగారు. అరుణమ్మ ఫ్యాన్ వైపు చూసింది. "బీరువల ఉంటే తెచ్చిన. అడిగితే ఇస్తవారా నువ్వు? పెండ్లి మాటెత్తితే చాలు, పారిపోతవు."

తెర వెలిగింది. ఫొటోలో భిక్షపతి తన సొంత రంగులో, సాంబారు గరిటెతో, ఉన్నవాడు ఉన్నట్టు నవ్వాడు. వేదవతి కళ్ళు అక్కడే ఆగిపోయాయి. మరుక్షణం తెర ఆరిపోయింది, ఫ్యాన్ ఆగింది. కరెంటు కోత.

"ఇగ అయినట్టే," అంది అరుణమ్మ ఉసూరుమంటూ. "మల్ల రేపు రావాలె."

"రేపు రావద్దాంటీ. కరెంటు వచ్చినా నేను చేయను."

"అదేంది బిడ్డా? స్క్రీన్ ఒచ్చింది గద!"

విసనకర్ర పట్టుకుని సాంబమూర్తి గారు లోపల్నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వేదవతి ఆయన్నీ చూసింది. ఇంక దాచడం ఆమె వల్ల కాలేదు.

"కంపెనీలో ఏ సమ్మే లేదాంటీ. లాభం లేదని ఆపేసుకున్నారంతే. సమ్మె చేసింది నేను. ఈ ఫొటో సూర్యాపేట వెళ్ళడం నాకిష్టం లేదు. ఈయన ఇంకెవర్నో చేసుకోవడం నాకిష్టం లేదు." చివరి మాట అంటూనే ఏడ్చేసింది.

భిక్షపతి చేతిలో తీగ కింద పడింది. "గా మాట నాకు చెప్తే ఏంబోయేది?"

"ఫోనెత్తితేగా!"

"ఏం మొకంతోని ఎత్తాలె? ఊర్లె గింత గడబిడ. మేమొక దిక్కు, మీరొక దిక్కు. మనసుల మాట బయటపడితే ఉన్న దోస్తానా గూడ పోతదని బుగులైంది." అతను ఆగి, చెవి వెనక గోక్కున్నాడు. "రోజు చేసే గులాబి రంగు నాకు గుర్తుపట్టరాదా వేదా? నువ్వు పక్కన కూసుంటవని అడిగిన."

వేదవతికి ఏడుపులోనే నవ్వొచ్చింది.

అరుణమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత సాంబమూర్తి గారి వైపు తిరిగింది. "మీది ఏ ఊరన్నా?"

"తెనాలి దగ్గరండీ. వచ్చి చాలా ఏళ్ళయింది. అమ్మాయి ఇక్కడ కొత్తపేటలోనే పుట్టింది."

"కొత్తపేటంటే మా పిల్లనే గద!"

సాంబమూర్తి గారు విసనకర్ర అటూ ఇటూ తిప్పారు. "అది కాదమ్మా. రేపు రాష్ట్రం రెండైతే..."

"కావాలె. కావాలనే గద కొట్లాడుతున్నం. గని ఇంట్లకు పిల్లొస్తే వద్దన్నదెవరు?"

ఆయన విసనకర్ర పక్కన పెట్టేశారు. కూతురి మొహం చూసి మెల్లగా నవ్వారు. "ఎల్బీనగర్ ఆల్బమ్‌ల లెక్క నాకిన్నాళ్ళూ తేలలేదమ్మా. ఇప్పుడు తేలింది. బస్సులు తిరగ్గానే మీ అమ్మని రమ్మందాం. అందరం కూర్చుని మాట్లాడుకుందాం."

"సూర్యాపేటోళ్ళకు ఏం చెప్తవే అమ్మా?" అన్నాడు భిక్షపతి.

"ఏమున్నది? స్క్రీనోళ్ళ సమ్మె ఇప్పట్ల ఒడిసేటట్టు లేదని చెప్త."

బయట ఉన్నట్టుండి జల్లు మొదలైంది. భిక్షపతి కంగారుగా ఫ్లెక్సీ అందుకుని స్క్రీన్ చుట్టబోయాడు. అరుణమ్మ అతని చేతి మీద ఒక్కటేసింది. "మల్ల ఎందుకు కడ్తున్నవు? ఎట్లయినా ఒక్క ఇల్లే అయితది. ఒక్కటి సాలదా?"

"మరి నా గులాబి రంగు?"

వేదవతి కళ్ళు తుడుచుకుని, ఆ ఫ్లెక్సీ అతని చేతిలోంచి లాగేసుకుంది.

"చూసుకోవాలంటే మా ఇంటికి రండి. చూస్తే స్క్రీన్ అరిగిపోదుగా!"