బొమ్మ వచ్చింది, చప్పుడు రాలేదు

"నాకు తెలుసు టీచర్, నేను కలిపేస్తా!"

టీచర్ ఇంకా అడగనే లేదు. పిడుగు అప్పటికే కేబుళ్ల డబ్బాలో మోచేతుల దాకా చేతులు పెట్టేసింది. ఆరో తరగతిలో ఆ అమ్మాయిని అసలు పేరుతో పిలిచేది హాజరు పట్టీ ఒక్కటే.

"సరే, నెమ్మదిగా పెట్టు. దూరకపోతే నన్ను పిలువు," అని టీచర్ కుర్చీలు సర్దించడానికి వెళ్లారు.

మధ్యాహ్నం రెండింటికి స్కూలు కంప్యూటర్‌ను పెద్ద టీవీకి కలిపి, పిల్లలు తీసిన చిన్న సినిమాలు చూపించాలి. మొదటిది పిడుగు స్నేహితురాలు బుల్లిది. వాళ్లింట్లో పొద్దున్నే వినిపించే చప్పుళ్లన్నీ ఏరి ఫోన్లో తీసింది. వాళ్ల తాతయ్యకు చూపు ఆనదు. ఆయన వినాలనే తీసింది.

డబ్బాలో మూడు రకాల కేబుళ్లున్నాయి. ఒకటి లావుగా, నీలం మూతితో, రెండు పక్కలా మరలతో ఉంది. మిగతా రెండూ నల్లనివి, కవలపిల్లల్లా ఉన్నాయి. ఒకదాని మూతికి కింది మూలలు రెండూ వాలుగా ఉన్నాయి. ఇంకోదానికి ఒక్క మూలే కోసినట్టు ఉంది. ఆ తేడా కనబడాలంటే ఒక్క క్షణం ఆగాలి. ఆగడం పిడుగుకు తెలిసిన విద్య కాదు.

టీవీకే ఒక పక్క అంచున ఉన్న సాకెట్లో చేతికందిన నల్లదాన్ని పెట్టింది. దూరలేదు. బొటనవేళ్లు రెండూ పెట్టి గట్టిగా నెట్టింది. టిక్కుమంది.

తీసి చూస్తే సాకెట్ లోపలి సన్నని నాలుక వంగిపోయి ఉంది. రెండో నల్లది పెట్టి చూసింది. ఇప్పుడు అదీ దూరలేదు.

ఇక నీలం మూతిదే మిగిలింది. దాని సాకెట్ వేరే. చక్కగా కూర్చుంది. మరలు బిగించగానే టీవీలో బొమ్మ వచ్చింది. హమ్మయ్య, ఎవరికీ తెలియదులే అనుకుంది.

రెండయింది. బుల్లి తాతయ్య చేతికర్ర ఒళ్లో పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నారు. టీవీలో బుల్లి వాళ్లమ్మ కుట్టుమిషన్ తొక్కుతోంది. చప్పుడు లేదు. కుళాయి కారుతోంది. చప్పుడు లేదు.

"మొదలైందా అమ్మా?" అని అడిగారు తాతయ్య.

టీచర్ సినిమా ఆపి, సౌండ్ పెంచి చూశారు. "నీ రికార్డింగే సరిగ్గా రాలేదేమో బుల్లీ. తర్వాతి వాళ్లది చూద్దామా?"

"నేనే ఏదో తప్పు చేసుంటాను టీచర్," అంది బుల్లి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

పిడుగు తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. నోరు విప్పితే అందరి ముందూ పరువు పోతుంది. విప్పకపోతే బుల్లి సినిమా పోతుంది. పిడుగుకు చాలా సిగ్గేసింది. అయినా లేచి నిలబడింది.

"తప్పు బుల్లిది కాదు టీచర్, నాది. పక్కనున్న సాకెట్ నేనే వంచేశాను. అందుకే నీలం కేబుల్ పెట్టాను."

టీచర్ వంగి సాకెట్ చూశారు. తిట్టలేదు, నవ్వనూ లేదు.

"నీలం మూతిది వీజీఏ. అందులో బొమ్మే వస్తుంది, చప్పుడు రాదు. రెండూ రావాలంటే హెచ్‌డీఎంఐ కావాలి, రెండు మూలలూ వాలుగా ఉన్నది. నువ్వు నెట్టింది ఒక్క మూలే కోసినట్టున్నది, మన మానిటర్లకు పెట్టే కేబుల్. అప్పుడే నన్ను పిలిచి ఉంటే రెండు నిమిషాల పని. టీవీ వెనక అలాంటి సాకెట్ ఇంకోటి ఉంది. వెళ్లి పెట్టు."

"నేనా?"

"నువ్వే."

పిడుగు టీవీ వెనక మోకాళ్ల మీద కూర్చుంది. కేబుల్ మూతి చూసింది. సాకెట్ చూసింది. మళ్లీ మూతి చూసింది. నెట్టాల్సిన పనే రాలేదు.

కుట్టుమిషన్ టకటకలాడింది. కుళాయి టప్పు టప్పుమంది. చివర్లో మెట్ల మీద టక్, టక్ అని వినిపించింది. తాతయ్య ఒక్కసారిగా తలెత్తారు.

"ఓసి నీ అసాధ్యం కూలా! అది నా కర్రే!"

చప్పట్లు మోగుతుండగా హెడ్మిస్ట్రెస్ తలుపు తీసుకుని లోపలికి వచ్చారు.

"వరండా దాకా ఖంగుమని వినిపిస్తోందే! టీవీ కలిపింది ఎవరు?"

"నేనే మేడమ్," అంది పిడుగు. అక్కడితో ఆపినా సరిపోయేది. కానీ ఆగడం ఆ పిల్లకు ఇంకా పూర్తిగా రాలేదు.

"పక్కనున్న సాకెట్ పాడుచేసింది కూడా నేనే మేడమ్."